టేలర్ స్విఫ్ట్ వింటానని చెప్పడానికి ఎందుకంత భయం?

ప్రశ్న: అక్కా, నాకు 23 ఏళ్ళు. మాది కాకినాడ, ఉద్యోగం గచ్చిబౌలిలో. ఎక్కువగా టేలర్ స్విఫ్ట్, కార్లీ రే జెప్సన్, దువా లీపా వింటాను. కార్లీ పాట ఒకటి సాక్సోఫోన్‌తో మొదలవుతుంది కదా, అది రాగానే ఆటోలో ఉన్నా సరే వాల్యూమ్ పెంచేస్తాను. సంక్రాంతికి మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, అమెరికా నుంచి వచ్చాడు. కారులో నా ఫోన్ కనెక్ట్ చేస్తే ప్లేలిస్ట్ చూసి “ఇదంతా ఫ్యాక్టరీ సరుకు, ఇదేం మ్యూజిక్” అని అందరి ముందూ నవ్వాడు. తర్వాత రేడియోహెడ్, ద స్మిత్స్, ద నేషనల్, ఆర్కిటిక్ మంకీస్, బోన్ ఈవేర్ అని ఒక లిస్ట్ పంపించాడు. విన్నాను. ఆర్కిటిక్ మంకీస్ నచ్చారు. రేడియోహెడ్ ‘కిడ్ ఏ’ పెట్టుకుంటే రెండు పాటలకే నిద్రొచ్చింది. సగం పాటల్లో మాటలే అర్థం కాలేదు. అయినా మొన్న ఆఫీసులో ఒకబ్బాయి ఏం వింటావని అడిగితే రేడియోహెడ్ అనేశాను. ఏ ఆల్బమ్ ఇష్టం అన్నాడు, నోట మాట రాలేదు. అప్పట్నుంచి అతను కనబడితే టెన్షన్. నిజంగా నా టేస్ట్ తక్కువ స్థాయిదా? ఇవన్నీ ఇష్టపడి తీరాలా? అన్నయ్యకి ఏం చెప్పాలి? ఇంకోటి, మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటేనే ఇవి అర్థమవుతాయంటున్నాడు, నిజమేనా?

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ సాక్సోఫోన్ మాట. నీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. పాట పేరైనా రాయలేదు నువ్వు, ఆ వాద్యం చెప్పావు, అది వచ్చే చోటు చెప్పావు, అది వినగానే ఏం చేస్తావో చెప్పావు. రేడియోహెడ్ దగ్గరికి వచ్చేసరికి బ్యాండ్ పేరు తప్ప ఏమీ చెప్పలేకపోయావు. పాటలో వేలు పెట్టి ‘ఇదిగో, ఇక్కడ’ అని చూపించగలిగితే అది నీ సొంత అభిప్రాయం. చూపించలేకపోతే అరువు తెచ్చుకున్నది, ఎంత గొప్పవాళ్ళ దగ్గర తెచ్చుకున్నా సరే. ఆ లెక్కన నీ టేస్ట్‌కి ఏ లోటూ లేదు, లోటల్లా దాన్ని దాచిపెట్టడంలో ఉంది.

ఆ పాట ‘రన్ అవే విత్ మీ’, 2015లో వచ్చిన ‘ఎమోషన్’ ఆల్బమ్‌లో మొదటిది. ఈసారి విన్నప్పుడు ఒకటి గమనించు. సాక్సోఫోన్ అంత గట్టిగా పిలిచాక ఎవరైనా గాయని అదే ఎత్తులో అందుకుంటుందని అనుకుంటాం. కార్లీ అలా చెయ్యదు, చెవి దగ్గర చెప్పినట్టు తగ్గి మొదలుపెడుతుంది, కింద డ్రమ్ కొడుతూ ఉంటుంది, కోరస్ వచ్చేవరకూ మనల్ని అలా ఆపి ఉంచి అప్పుడు వదులుతుంది. సాక్సోఫోన్ ముందే ఇచ్చిన మాటని కోరస్ నిలబెట్టుకుంటుందన్నమాట. అందుకే నీ చెయ్యి వాల్యూమ్ మీదికి పోతోంది. ఇది ఎంతో ఆలోచించి కట్టిన పాట. ‘కాల్ మీ మేబీ’ 2012లో ప్రపంచమంతా మోగిపోయాక ఆ అమ్మాయి మళ్ళీ అలాంటిదే ఒకటి చేసి డబ్బు చేసుకోవచ్చు. ఆమె ఈ ఆల్బమ్ కోసం రెండు వందలకు పైగా పాటలు రాసి, వాటిలోంచి ఏరుకుంది. బిల్‌బోర్డ్ చార్టులో 16వ స్థానం దాటలేదు, పాపం. కానీ అప్పట్నుంచి ఇండీ సంగీతం, అంటే పెద్ద కంపెనీలకి బయట నడిచే సంగీతం, గురించి రాసేవాళ్ళే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అందులో పనిచేసినవాళ్ళని చూడు, వాంపైర్ వీకెండ్ బ్యాండ్ రోస్తం, బ్లడ్ ఆరెంజ్ పేరుతో పాడే డెవ్ హైన్స్. ఇద్దరూ అన్నయ్య వైపు మనుషులే!

ఇక ఫ్యాక్టరీ సరుకు సంగతి. పాప్ పాటకి నలుగురైదుగురు కలిసి పనిచేస్తారు, రాసేది ఒకరు, బీట్ కట్టేది ఒకరు, పాడేది ఇంకొకరు, కాబట్టి అందులో ఆత్మ ఉండదని చాలామంది రాక్ అభిమానులు అంటారు. మీ అన్నయ్య ఉద్దేశమూ అదే అయ్యుంటుంది. తెలుగింట్లో పుట్టినవాళ్ళు ఆ మాట ఎలా అనగలరో నాకు అర్థం కాదు. ఇళయరాజా ట్యూన్ కట్టి, వేటూరి రాసి, బాలు, జానకి పాడిన పాటల మీద పెరిగాం మనం. పాడినవాళ్ళు రాయలేదని ఆ పాటలో ప్రాణం లేదని ఎవరమైనా అన్నామా? పదిమంది చెయ్యి పడితే పాట పలచబడిపోదని మనకి పుట్టుకతోనే తెలుసు. ఆ తెలివిని అమెరికా వెళ్ళి పోగొట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఇంకో సంగతి, ఇది అన్నయ్యకి నువ్వే స్వయంగా చెప్పాలి. ఆయన లిస్టులో ఇద్దరు నీ ప్లేలిస్టులో ఎప్పుడో ఉన్నారు. 2020 జూలై 24న టేలర్ ‘ఫోక్‌లోర్’ విడుదల చేసింది కదా, అందులో సగానికి పైగా పాటల వెనక ఉన్నది ఆరన్ డెస్నర్, ద నేషనల్ బ్యాండ్ మనిషి. లాక్‌డౌన్‌లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని తన స్టూడియోలో కూర్చుని ట్రాకులు పంపిస్తుంటే టేలర్ లాస్ ఏంజెలెస్‌లో ఇంట్లో పాడి పంపేది. ‘ఎగ్జైల్’ పాటలో ఆమెతో కలిసి పాడే మగగొంతు బోన్ ఈవేర్ జస్టిన్ వెర్నన్‌ది. ఆ డిసెంబర్‌లోనే వచ్చిన ‘ఎవర్‌మోర్’లో ద నేషనల్ మొత్తం ఒక పాటకి వచ్చారు, 2023లో వాళ్ళ ఆల్బమ్‌లో టేలర్ పాడింది. అంటే అన్నయ్య మెచ్చుకునే మనుషులు నువ్వు వినే మనిషితో మళ్ళీ మళ్ళీ పనిచేశారు. వాళ్ళకి లేని అభ్యంతరం ఆయనకెందుకు?

లేబుళ్ళ, అంటే పాటలు విడుదల చేసే కంపెనీల, లెక్క తీసినా ఇంతే. టేలర్ మొదటి ఆరు ఆల్బమ్‌లూ నాష్‌విల్‌లోని బిగ్ మెషీన్ అనే స్వతంత్ర లేబుల్ మీద వచ్చాయి, పంపిణీ మాత్రం యూనివర్సల్ చూసుకునేది. రేడియోహెడ్ మొదటి ఆరు ఆల్బమ్‌లూ వచ్చింది పార్లోఫోన్ నుంచి, అంటే ఈఎంఐ అనే మహా కంపెనీ నుంచి. 1988లో బ్రిటన్ ఇండీ చార్టులో పైకి వెళ్ళినవాళ్ళలో కైలీ మినోగ్ ఉంది, ఆమె లేబుల్ పెద్ద కంపెనీల పంపిణీలో లేదు కాబట్టి. స్వీడన్‌లో రాబిన్ అనే గాయని చిన్న వయసులోనే పాప్ స్టార్ అయ్యి, కంపెనీ పద్ధతి నచ్చక బయటికి వచ్చేసి 2005లో సొంత లేబుల్ పెట్టుకుంది, ‘డాన్సింగ్ ఆన్ మై ఓన్’ అలా వచ్చిన పాటే. మనసు విరిగిన అమ్మాయి డాన్స్ ఫ్లోర్ మీద ఒంటరిగా నిలబడి పాడే పాట అది, బీట్ మాత్రం ఒక్క క్షణం ఆగదు. నువ్వు వినకపోతే ఇవాళే విను. దువా లీపా ‘ఫ్యూచర్ నాస్టాల్జియా’ ఇష్టమైనవాళ్ళకి అది కచ్చితంగా పడుతుంది.

అయితే మీ అన్నయ్య లిస్ట్ చెత్త అనుకోకు. నవ్విన తీరు తప్పు, పంపిన పేర్లు బంగారం. సమస్య ఏమిటంటే పేర్లు పంపి ఊరుకున్నాడు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పలేదు. కొత్తవాళ్ళకి ‘కిడ్ ఏ’ చేతిలో పెట్టడం అన్యాయం. 1997లో ‘ఓకే కంప్యూటర్’ తర్వాత ప్రపంచమంతా తమవైపు చూస్తుంటే ఆ ఐదుగురూ గిటార్లు చాలావరకు పక్కన పెట్టేసి, ఎలక్ట్రానిక్ శబ్దాలతో, ముక్కలు చేసిన గొంతుతో 2000లో ఆ ఆల్బమ్ చేశారు. వాళ్ళు దేన్ని వదిలేశారో తెలిసినవాళ్ళకి అందులో తెగింపు వినబడుతుంది, తెలియనివాళ్ళకి జోలపాటలా ఉంటుంది. ఆ రెండో పాటకి నిద్ర రావడంలో తప్పేమీ లేదు. ఇంకొక్క పాట మెలకువగా ఉండుంటే బూరలన్నీ ఒక్కసారి మీదపడి లేపేసేవి.

రేడియోహెడ్ కోసం నువ్వు 2007 ‘ఇన్ రెయిన్‌బోస్’తో మొదలుపెట్టు. పది పాటలు, ముప్పావుగంట కూడా పట్టదు. లేబుల్ ఒప్పందం అయిపోయాక వాళ్ళే తమ వెబ్‌సైట్లో పెట్టి, మీకు తోచినంత ఇవ్వండి, ఏమీ ఇవ్వకపోయినా సరే అన్నారు, అప్పట్లో పెద్ద సంచలనం. అందులో ‘వియర్డ్ ఫిషెస్’ అని నాలుగో పాట. డ్రమ్స్ గబగబా మొదలవుతాయి, దాని మీద ఒక గిటార్ మెట్లు మెట్లుగా స్వరాలు మీటుతుంటుంది, దాని పక్కన ఇంకో గిటార్ చేరుతుంది, ఒకదాని సందుల్లోంచి ఇంకోటి. మొదటిసారి గొంతు సంగతి పూర్తిగా వదిలేసి గిటార్లు ఎప్పుడెప్పుడు వచ్చి చేరుతున్నాయో చూడు చాలు. ఇది కూడా నచ్చకపోతే రేడియోహెడ్‌ని వదిలెయ్, ఏ నష్టమూ లేదు. అన్నీ అందరికీ ఎక్కాలని ఎక్కడా రాసిలేదు.

ద నేషనల్‌కి నీకు దారి సులువు, ‘ఫోక్‌లోర్’ నుంచి నేరుగా 2007 ‘బాక్సర్’లోకి వెళ్ళొచ్చు. మొదటి పాట ‘ఫేక్ ఎంపైర్’. పియానో ఒక్కటే మొదలవుతుంది, వింటుంటే ఏదో తేడాగా ఉన్నట్టు, కాలు ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు ఉంటుంది. ఒక చెయ్యి మూడు లెక్కన, రెండో చెయ్యి నాలుగు లెక్కన వాయిస్తుండటమే దానికి కారణం. మన సంగీతం నేర్చుకున్నవాళ్ళని అడుగు, తిశ్రం మీద చతురశ్రం నడవడం అంటే ఏమిటో చేత్తో కొట్టి చూపిస్తారు. పాట సగానికి వచ్చేవరకూ డ్రమ్స్ ఉండవు. వచ్చాక బ్రయన్ డెవెన్‌డార్ఫ్ వాయింపు చూడు, నాకు ఈ తరం రాక్‌లో అంత ఇష్టమైన డ్రమ్మర్ లేడు. ఆ పైన చివర్లో బాకాలు. కానీ ఒక మాట, ఆ బ్యాండ్ ఈ మధ్య ఆల్బమ్‌లు నాకు అంతగా ఎక్కలేదు. ఒకే నడక, ఒకే దిగులు, మూడు పాటలయ్యాక ఏది ఏదో తెలియదు. అన్నయ్య ఒప్పుకోడనుకో, అడిగి చూడు.

స్మిత్స్ మాత్రం మాటలు తెలియకుండా వింటే సగమే విన్నట్టు. మాంచెస్టర్ బ్యాండ్, 1984 నుంచి 87 లోపు నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. జానీ మార్ గిటార్ చెంగుచెంగున గెంతుతుంటే మోరిసీ దాని మీద ఒంటరితనం గురించీ చావు గురించీ పాడతాడు, ఆ రెండింటి పొసగనితనమే ఆ బ్యాండ్. లిరిక్స్ ఫోన్‌లో తెరిచి పెట్టుకుని ‘ద క్వీన్ ఈజ్ డెడ్’ ఒక్కసారి చదువుతూ విను. (మోరిసీ తర్వాతి రోజుల్లో మాట్లాడే రాజకీయాలు నాకు బొత్తిగా పడవు, అయినా మార్ గిటార్ వినడం మానలేదు.)

బోన్ ఈవేర్ దగ్గర మాటలు అర్థం కాలేదని బాధపడ్డావు చూడు, అక్కడ అసలు బాధపడక్కర్లేదు. వెర్నన్ 2006–07 చలికాలంలో విస్కాన్సిన్‌లో వాళ్ళ నాన్న క్యాబిన్‌లో ఒక్కడే ఉండి బోన్ ఈవేర్ మొదటి ఆల్బమ్ చేశాడు. మాటల్లేకుండా సన్నని గొంతుతో శబ్దాలు పాడుకుని, వాటిని పొరలు పొరలుగా పేర్చి, ఆ తర్వాత ఆ శబ్దాల్లో ఏ మాటలు వినబడుతున్నాయో వెతుక్కుని రాసుకున్నాడు. ట్యూన్ ముందు, మాట తర్వాత, మన సినిమా కవులు రోజూ చేసే పనే. కాబట్టి అది గొంతుగా విను, వాక్యంగా కాదు.

ఆర్కిటిక్ మంకీస్ నచ్చారన్నావు, సంతోషం, కానీ ఏది విన్నావో రాయలేదు. అందరిలా 2013 ‘ఏఎమ్’ అయితే ఒక్కసారి వెనక్కి వెళ్ళి 2006 మొదటి ఆల్బమ్ పట్టుకో. బ్రిటన్‌లో మొదటి వారంలోనే మూడు లక్షల అరవై వేలకు పైగా అమ్ముడైంది, అప్పటికి ఏ బ్యాండ్ తొలి ఆల్బమూ అంత వేగంగా పోలేదు. అలెక్స్ టర్నర్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. షెఫీల్డ్ కుర్రాళ్ళ శనివారం రాత్రి, క్లబ్ గుమ్మం దగ్గర బౌన్సర్లతో గొడవ, టాక్సీలో గొడవ, అంతా వాళ్ళ ఊరి యాసలోనే. గోదావరి యాసలో ఎవరైనా తమ వీధి కబుర్లు పాటలుగా కడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది, కాకినాడ పిల్లవి, నీకు ఆ రుచి వెంటనే తెలుస్తుంది. 2018లో వాళ్ళు గిటార్లు తగ్గించి పియానో ముందుకు తెచ్చి చంద్రుడి మీద హోటల్ అంటూ ఒక ఆల్బమ్ చేస్తే సగం అభిమానులు కోపగించుకున్నారు. నాకైతే చాలా ఇష్టం.

నీ వైపు వాళ్ళనీ వదలను. టేలర్ 2024 ఆల్బమ్ ‘ద టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్’ రెండు భాగాలూ కలిపి 31 పాటలు. అందులో పన్నెండు తీసి ఉంచితే గొప్ప ఆల్బమ్ అయ్యేది, అన్నీ ఉంచేసరికి మంచి పాటలు కూడా గుంపులో కలిసిపోయాయి. అభిమానివి కాబట్టి నువ్వు ఈ మాట ధైర్యంగా అనగలగాలి. అభిమానించే మనిషిలో లోపం చూడగలిగినవాళ్ళ మెచ్చుకోలుకే విలువ. మీ అన్నయ్య రేడియోహెడ్‌లో ఒక్క చెడ్డ పాట పేరు చెప్పగలడేమో అడుగు, అక్కడ తెలుస్తుంది ఆయన వింటున్నాడా, పూజ చేస్తున్నాడా అన్నది.

ఇంకో విషయం కూడా నాకు చాలా ఏళ్ళుగా కోపం తెప్పిస్తుంది, చెప్పేస్తాను. ఆడపిల్లలు ఎక్కువగా ఇష్టపడేదాన్ని తేలిక చెయ్యడం ఎప్పుడూ ఉన్నదే. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టీవీలో కనబడినప్పుడు కేకలు వేసింది ఎవరు? పదిహేనేళ్ళ అమ్మాయిలు. ఆ అమ్మాయిల్ని చూసి పెద్దమనుషులు ముఖం చిట్లించారు, ఇది రెండ్రోజుల వెర్రి అన్నారు. ఇవాళ ఆ బీటిల్స్‌ని కాదనే రాక్ అభిమాని ఉంటాడా? ఆ సంగీతంలో ఏదో ఉందని ముందు పసిగట్టింది ఆ పిల్లలే. నీ ప్లేలిస్ట్ చూసి ఎవరైనా నవ్వితే ఇది గుర్తుపెట్టుకో.

సరే, ఆఫీసు అబ్బాయి. ఇది పెద్ద విషయం కాదు, అతను ఈపాటికి మర్చిపోయి కూడా ఉంటాడు. ఈసారి కనబడితే నువ్వే కదిలించు: “ఆ రోజు రేడియోహెడ్ అన్నాను కానీ నేనింకా మొదలుపెడుతున్నానంతే, కిడ్ ఏ నాకు ఎక్కలేదు, ఇన్ రెయిన్‌బోస్ వింటున్నా, నీకేది ఇష్టం?” అంతే. సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న వేస్తే టీ చల్లారిపోయేదాకా ఆపరు, నీకు టెన్షన్ పడే టైమే ఉండదు. తర్వాత నీ సంగతి అడిగితే కార్లీ రే జెప్సన్ అని చెప్పు, ఆ సాక్సోఫోన్ వినిపించు కూడా.

అన్నయ్యకి ఫ్యామిలీ గ్రూపులో జవాబివ్వకు, అక్కడ పదిమంది చూస్తుంటే ఆయన తగ్గడు, నువ్వూ తగ్గవు, మధ్యలో పెద్దమ్మ కంగారుపడుతుంది. విడిగా ఫోన్ చెయ్. అందరి ముందూ నవ్వడం బాధపెట్టిందని ముందు ఆ మాట చెప్పు, మింగేసుకోకు. ఆ తర్వాత ‘ఎగ్జైల్’ వినమను, అందులో గొంతు ఎవరిదో గుర్తుపట్టమను. ‘ఎమోషన్’ కూడా ఒక్కసారి మొత్తం వినమను, నువ్వు ఆయన లిస్ట్ మొత్తం విన్నావు కాబట్టి అడిగే హక్కు నీకుంది. ఆయనకి నచ్చకపోవచ్చు. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో అడుగు, ఫ్యాక్టరీ అనే మాట వాడకుండా చెప్పమను.

ఇయర్‌ఫోన్స్ విషయంలో డబ్బు తగలెయ్యకు. రెండు వేల లోపు వచ్చే మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ చాలు, చెవిలో సరిగ్గా అమరాలంతే, వదులుగా ఉంటే ఎంత ఖరీదైనదైనా బాస్ కారిపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో బాస్ బూస్ట్ లాంటిది ఆన్ చేసి ఉంటే తీసెయ్, అది ఉంటే స్మిత్స్ పాటల్లో గిటార్ మీద దుప్పటి కప్పినట్టు అయిపోతుంది. ఆటోలో కార్లీ, దువా, ఆర్కిటిక్ మంకీస్ పెట్టుకో, రోడ్డు రొదని తట్టుకుంటాయి. నేషనల్, బోన్ ఈవేర్ రాత్రి గదిలో ఫ్యాన్ తగ్గించుకుని విను, మియాపూర్ ట్రాఫిక్‌లో ఆ పియానో ఎవరికీ వినబడదు.